పెరటి చిగురమ్మ

వాగు ఒడ్డున ఉన్న మల్లెదిబ్బలో చిగురమ్మ గుడికి గోపురం లేదు. ఒక పెంకుటింటి పెరట్లో, మట్టి అరుగు మధ్య మోకాలెత్తు మల్లె మోడు ఉంటుంది. అదే అమ్మవారు. కొబ్బరికాయ తేనక్కర్లేదు, కత్తెర తెస్తే చాలు.

పూర్వం ఈ ఇంట్లో సుబ్బాయమ్మ అనే ఇల్లాలు ఉండేది. మల్లెపొదకు కత్తి తగిలితే ఇంటికి అరిష్టమని ఆమె తొమ్మిదేళ్లు ఒక్క రెమ్మ కొయ్యనివ్వలేదు. పొద పందిరంత పెరిగి పూయడం మానేసింది. నేరం కోడలు నాంచారమ్మ మీద పడింది. పెళ్లయి ఆరేళ్లయినా ఆమెకు పిల్లలు లేరు. మాఘంలో ఊరంతా ఆనప గింజలు పెడుతుంటే ఆమెను పాదుల దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఉగాది వెళ్లగానే ఆమెను పుట్టింటికి పంపి, కొడుకు వీరన్నకు మారు పెళ్లి చేయాలని నిశ్చయించారు. వీరన్న ఏ మాటకూ అడ్డు చెప్పని మంచివాడని ఊళ్లో పేరు.

ఆ మాఘంలోనే ఒక మధ్యాహ్నం పొద పక్కన కునుకు తీసిన నాంచారమ్మకు అమ్మవారు కలలో కనిపించింది. "ఈ ముదురు కొమ్మల కింద నాకు ఊపిరాడటం లేదే. మోకాలెత్తుకు కోసి, ఆకు దూసి, మొదలు దగ్గర ఎరువు వెయ్యి" అని ఆజ్ఞాపించింది. నాంచారమ్మ లేచి కొడవలి తీసుకుని అలాగే చేసింది. కోసిన కొమ్మలను వాగు ఇసుకలో గుచ్చింది.

సుబ్బాయమ్మ చూసి కూలబడింది. "గొడ్డు చెయ్యి పెట్టావు. ఇంక ఇది బతికినట్టే."

"తొమ్మిదేళ్లు మీ చెయ్యే కదా అత్తయ్యా, ఏం పూసింది? ఉగాది దాకా చూడండి. చిగురు రాకపోతే మీరు బండి కట్టించక్కర్లేదు, నేనే నడిచి పోతాను."

ఇరవై రోజులు మోడు మోడుగానే ఉంది. ఆ మర్నాడు కణుపు కణుపునా లేత చిగురు తొంగిచూసింది. ఉగాదికి మొగ్గలు తొడిగింది.

కోడలిని పుట్టింటికి పంపే బండి వాకిట్లోకి వచ్చేసరికి సుబ్బాయమ్మ ఒళ్లో మొగ్గలు పోసుకుని మాల కడుతోంది. తలెత్తకుండానే, "ఆనప గింజలు ఇంకా మిగిలాయి. పాదులో పెట్టవే" అంది కోడలితో. నాంచారమ్మ బండెక్కలేదు. ఇసుకలో వేళ్లొచ్చిన మల్లె కొమ్మలను ఆ బండిలో నింపి, పుట్టింటి ఊరి ఆడవాళ్లకు పంపింది.

తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారా అని భక్తులు అడుగుతుంటారు. పుట్టలేదు. పెరడు మాత్రం ఏటా పూసింది.

నేటికీ మాఘంలో మొదటి కొమ్మ కోసేది, మొదటి గింజ పెట్టేది, శుభకార్యాలకు ఎవరూ పిలవని ఆడవాళ్లే. వేళ్లొచ్చిన మల్లె కొమ్మే ప్రసాదం. నాటుకున్నవారి పెరడు చైత్రానికి ఘుమఘుమలాడుతుంది. ఆ కొమ్మ ఎవరి చేతిదని మాత్రం అడగకూడదు. అడిగినవారి ఇంట అది నాటుకోదు.