చండ్రకర్ర పిస్తోళ్లు

ఎలుగుబంటిని చూసొచ్చిన నాటి నుంచి వీరాచారికి ఒకటే దిగులు. కొండమీది గుహలో ఉన్న దేవుడి దగ్గరికి జనాన్ని నడిపించుకు వెళ్లేది అతనే. తనే భయపడితే వెనకాల వచ్చే ముసలీముతకల గతేమిటి?

క్రితం నెల గొంతు పట్టేసి మాట పెగలకపోయినా, దీపం పెట్టి వద్దామని ఒక్కడే కొండెక్కాడు. వెదురు మలుపు దగ్గర ఎలుగు ఎదురుగా లేచి నిలబడింది. కండువా దాని గోళ్లకు పోయింది. ప్రాణం దక్కింది.

అప్పటి నుంచి కొండమీద పిల్లిలా నడుస్తున్నాడు. ఆకు కదిలినా ఆగి వింటున్నాడు. నడుముకు చిన్న పిస్తోలు ఒకటి ఉంటే ధైర్యమని అనుమతి కాగితం సంపాదించాడు. పట్నంలో తుపాకుల అంగడికి వెళ్లి బొమ్మల పుస్తకమూ తెచ్చుకున్నాడు.

అందులో ఏది కొనాలో తేల్చుకోలేకపోయాడు. వడ్రంగి కదా, ఊరుకుంటాడా? బొమ్మల కింద రాసిన కొలతలు చూసి, రాయిలాంటి చండ్రకర్రతో మూడు పిస్తోళ్లు చెక్కేశాడు. ఎంత ముచ్చటగా చెక్కాడనుకున్నారు! వేలితో నొక్కే మీట కూడా మరిచిపోలేదు.

మూడింటినీ పంచెలో దోపుకుని గురువు ఓబులదాసు దగ్గరికి వెళ్లాడు. ఆయన దగ్గరే పన్నెండేళ్లుగా తత్వాలు పాడటం నేర్చుకుంటున్నాడు.

"సామీ, ఇది అరచేతిలో ఇమిడిపోతుంది. కానీ పేలిస్తే చెయ్యి ఎగిరిపడుతుందట. ఇది ఆరు గుళ్లది, బరువుకి పంచె జారుతోంది. ఇదేమో మధ్యరకం. సోమవారం ముప్పైమంది వస్తున్నారు. ఏది కొనమంటారు?"

దాసుగారు మూడూ తిప్పి తిప్పి చూశారు.

"పని బాగుంది నాయనా. కొండమీద చూస్తేగాని చెప్పలేను. పద."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. ముందు శిష్యుడు, వెనక గురువు. దారిలో దాసుగారి కాలికి రాయి తగిలింది.

"అబ్బా!"

"ఉష్! మెల్లగా సామీ!"

దాసుగారు నవ్వుకుని నోరు మూసుకున్నారు.

వెదురు మలుపు ఇంకా కాస్త దూరం ఉందనగా దారి పక్కన చెదపుట్ట తవ్వేసి ఉంది. మట్టి తడి ఇంకా ఆరలేదు. వీరాచారి గబగబా నడుములోకి చెయ్యి పోనిచ్చాడు. ఒకటి ముడిలో చిక్కుకుంది, ఒకటి జారి కిందపడింది, ఒకటి చేతికొచ్చింది.

"సామీ, ఇక్కడే ఉంది! ఏది మంచిదో ఇప్పుడైనా చెప్పండి!"

"రెండిలా ఇయ్యి."

"రెండా?"

దాసుగారు కిందపడినదీ, అతని చేతిలోదీ తీసుకుని చెక్కభజన చేసినట్టు ఒకదానికొకటి వాయించారు. టకటక, టక్కుటక్కు. వాయిస్తూ గొంతెత్తి పాట అందుకున్నారు. అదేం గొంతు! కొండకు ఆ చివర ఉన్నవాళ్లకి కూడా వినబడి ఉంటుంది.

మలుపు అవతల వెదుళ్లు కదిలాయి. నల్లటి ఎలుగు ఒకటి, వీపుమీద పిల్లను మోసుకుంటూ, ఎవరో పిలిచినట్టు తీరిగ్గా లోయలోకి దిగిపోయింది.

అది కనుమరుగయ్యేదాకా దాసుగారు పాట ఆపలేదు.

"ఆ రోజు నీకు గొంతు పట్టేసింది కదూ?" అన్నారు.

"అవును సామీ."

"ఆ తర్వాత కూడా కొండమీద ఎప్పటిలా నువ్వు పాడింది లేదు. నువ్వు వస్తున్నట్టు దానికెలా తెలుస్తుంది, పాపం?"

వీరాచారి ఆ లోయవైపు ఒకసారి చూశాడు. చెయ్యి చాచి ఆ రెండు పిస్తోళ్లూ తీసుకున్నాడు.

సోమవారం ముప్పైమంది కొండెక్కారు. కింద నుంచి పైదాకా టకటకలే, పాటలే. గుహ చేరేసరికి వీరాచారి గొంతు బొంగురుపోయింది. అక్కడ ముందే చేరిన దాసుగారు మూడు రాళ్లు పెట్టి ఏదో కాస్తున్నారు. మంటలో, ఆనాడు ముడిలో చిక్కుకున్న మూడో పిస్తోలు చక్కగా మండుతోంది.

"అల్లం కషాయం. తాగు నాయనా," అన్నారాయన. "దిగేటప్పుడు కూడా పాడాలిగా!"