చిలకవాగు ఏ రకం?

ఏనుగుకొండ అడవిలో వాగులెన్నో ఎవరూ పట్టించుకోలేదు. కిందటేడు అడవిపందులు ఒక వాగు అడుగంతా తవ్వి దుంపలు తినేశాయి. వానలొచ్చాక నీళ్ళు దారి తెలియక పొదల్లోకి పోయాయి. వాగు లేకుండా పోయింది. అప్పుడు గానీ అడవికి పెద్దయిన ఏనుగమ్మకు కోపం రాలేదు.

"ప్రతి వాగూ, ప్రతి గుహా చూసి పటం గీయండి," అంది. "ఏడాది పొడుగునా నీళ్ళుంటే ఒకటో రకం. వానాకాలంలోనే పారితే రెండో రకం. ఈ రెంటి జోలికీ, అవి పుట్టే గుహల జోలికీ ఎవరూ పోకూడదు. నీళ్ళూ లేక, ఉండేవాళ్ళూ లేకపోతే మూడో రకం. కావలసినవాళ్ళు తవ్వుకోండి, కాపురం పెట్టుకోండి."

పటం గీసే పని జగ్గయ్య అనే నక్కకు దక్కింది. తెలివైనవాడని కాదు. ఎండల్లో తిరగడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

జగ్గయ్య నడి వైశాఖంలో బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం చిలకవాగు చేరేసరికి నాలుక వేలాడేసుకుని రొప్పుతున్నాడు. వాగు మొదట్లో ఒక గుహ ఉంది. తల లోపలికి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మళ్ళీ బయటికి రాబుద్ధి కాలేదు.

"ఇది మూడో రకం," అనుకున్నాడు పైకే.

"రెండో రకమండీ," అంది కాళ్ళ దగ్గర బొరియలోంచి పోలమ్మ. పోలమ్మ ఎండ్రకాయ. పొట్టకింద గుడ్లు పెట్టుకుని తడిమట్టిలో వేసవి గడుపుతోంది.

"నీళ్ళేవీ?"

"ఆషాఢంలో వస్తాయి. ఈ గుహలోంచే వస్తాయి."

"వచ్చాక కబురు చెయ్యి. ఇవాళ లేవు."

"గోడమీద ఆ చార చూడండి బాబూ. నీళ్ళు నిలిచిన చార. మీ ఎత్తుకి రెండింతలుంది."

"చారలకి పటంలో గుర్తు లేదు."

"పోనీ, నేనున్నాను కదా. ఉండేవాళ్ళు లేరని ఎలా రాస్తారు?"

జగ్గయ్య ఎండకేసి చూశాడు. "ఎండ మండిపోతోంది. కాస్త లోపలికి పో తల్లీ," అన్నాడు. పాపం పోలమ్మ లోపలికి దిగింది.

"ఎవరూ లేరు," అని రాసుకున్నాడు.

సాయంత్రానికి పెద్దబండ మీద ఎర్రమట్టితో పటం తయారైంది. చిలకవాగు మూడో రకం. వాగు అడుగు పందులకు, గుహ జగ్గయ్యకు. పందులు అప్పుడే కోరలు నూరుకుంటున్నాయి.

ఆ కబురు పోలమ్మకు తెలిసింది. పందులు దుంపలతో పాటు ఎండ్రకాయల్నీ నమిలేస్తాయి. గుడ్లతో ఇంకో వాగుకి నడిచేంత ఓపిక ఆమెకు లేదు. అయినా పక్కపక్కగా నడుచుకుంటూ ఏనుగమ్మ దగ్గరికి వెళ్ళింది.

"జగ్గయ్య అబద్ధం రాశాడంటావా?" అని అడిగింది ఏనుగమ్మ.

"నాకెందుకమ్మా అంత మాట. రాసినాయననే కార్తీకం దాకా ఆ గుహలో కాపురం ఉండమనండి. అందాకా పందుల్ని ఆగమనండి. ఆయన ఉండగలిగితే పటం ఖాయం, నేనే సర్దుకుని పోతాను. మధ్యలో లేచొస్తే పటం చెరిపెయ్యండి."

జగ్గయ్యకు నవ్వాగలేదు. చల్లటి గుహలో ఆరునెలలు ఉండమని ఒకళ్ళు బతిమాలాలా? "రాసినవాణ్ణి, ఉండనా?" అంటూ అందరిముందూ బండమీద పంజా ముద్ర వేశాడు.

జ్యేష్ఠం హాయిగా గడిచింది. ఆషాఢంలో మొదటి వానకు గుహలో కాళ్ళు తడిశాయి.

"నీళ్ళొచ్చినట్టున్నాయి," అంది పోలమ్మ. ఆమె వెనక గోరంత పిల్లలు పాకుతున్నాయి.

"చెమ్మ," అన్నాడు జగ్గయ్య.

మూడో వానకు చెమ్మ పొట్టదాకా వచ్చింది. జగ్గయ్య లోపలున్న రాతి అరుగు ఎక్కాడు. ఏడో వానకు అరుగు కూడా మునిగింది. తిండి లేదు, నిద్ర లేదు. ముక్కొక్కటే పైకి ఉంది. సరిగ్గా ఆ చార పక్కనే ఉంది.

ఏనుగమ్మ వచ్చి గుహ ముందు నిలబడింది.

"ఎలా ఉంది జగ్గయ్యా కాపురం?"

"పొడిగానే ఉందమ్మా," అనబోయి గుక్కెడు నీళ్ళు మింగాడు.

"బయటికి వస్తావా?"

"వస్తే పటం..."

"చెరిపేస్తాను."

జగ్గయ్య ఇంకో రెండు గుక్కలు మింగి చూశాడు. "చెరిపెయ్యండి," అన్నాడు.

ఏనుగమ్మ తొండంతో మెడ పట్టి లాగి గట్టున పడేసింది. వాడు వణుకుతూనే, "ఒకటో రకమని రాయించండమ్మా. ఇన్ని నీళ్ళు నేనెక్కడా చూడలేదు," అన్నాడు.

"వద్దండీ," అంది పోలమ్మ నీటి అంచునుంచి. "ఏడాదిలో నాలుగు నెలలే పారుతుంది. ఉన్నదే రాయండి, రెండో రకం. మేమున్నామని కూడా రాయండి."

ఏనుగమ్మ సరేనంది. పటం మళ్ళీ జగ్గయ్యే గీశాడు. పోలమ్మ పిల్లల్ని లెక్కపెట్టి మరీ గీయమంది ఏనుగమ్మ. అవి ఒకచోట ఉండవు కనక నాలుగుసార్లు మొదటికొచ్చాడు.

ఎండల్లో ఒక్కసారి చూసి వాగు లేదని రాసేవాళ్ళు వానలొచ్చేలోపు ఈత నేర్చుకోవడం మంచిది.