కులపతిగారి చేతిలో గరిటె

వెనకటికో విద్యాపీఠంలో కులపతి శేషావధాని, పనివాళ్ళకి ఏటా ఇచ్చే సెలవులు ఎత్తేసి కొత్త నియమం పెట్టాడు: "ఎవరు లేకపోయినా పని ఆగదో, వాళ్ళకే సెలవు!" పెట్టిన మర్నాడే తను అత్తారింటికి వెళ్ళి, మామిడిపళ్ళు అయిపోయాక తిరిగొచ్చాడు.

వంటమనిషి నాంచారమ్మ కూతురి పురిటికి సెలవడిగింది.

"నువ్వెళితే పొయ్యి వెలగదు. కుదరదు," అన్నాడాయన.

"చిత్తం. మరి తమరు ఊళ్ళో లేనప్పుడు పీఠంలో పనులాగాయా అయ్యగారూ?"

"ఎందుకాగుతాయి? నా ఏర్పాట్లు అలాంటివి!" అని గర్వంగా ఉత్తరీయం సర్దుకున్నాడు కులపతి.

నాంచారమ్మ గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఇది పట్టండి. తమరు వంటింట్లో ఉన్నా పీఠంలో పనీ ఆగదు, నేను ఊరెళ్ళినా పొయ్యీ ఆరదు," అని మూట నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటింది.

లోపల అప్పుడే ఎసరు పొంగింది.