సుభద్రకు చప్పట్ల ముద్ద

ఈ కథ నాకు ఎవరో చెప్పినది కాదు. మా మనవరాలు ఆముక్తకు మా ఆవిడ చెబుతుండగా, పక్కగదిలో పేపరు చదువుతున్నట్లు కూర్చుని నేను విన్నది. ఆవిడకు చెప్పినది నాగులమ్మ. కథలో ఆ నాగులమ్మ కూడా ఉన్నది కనుక నమ్మవచ్చును. ఇక అమ్మమ్మ మాటలలోనే వినండి.

అనగనగా ఒక డేరా. ఒక ఊళ్ళో నిలవక ఊరూరా తిరిగే డేరా. అది కనకలింగంగారి సర్కసు. అందులో సుభద్ర అనే ఏనుగు. సుభద్రకు బాజీ అనే మావటి.

సుభద్ర ఇనుప పీటెక్కి, తొండమెత్తి దణ్ణం పెట్టేది. అప్పుడు జనం చప్పట్లు కొట్టేవారు. ఆ తర్వాతే బాజీ బెల్లం పెట్టేవాడు. చివరికి పొద్దుటి సంగటిముద్ద దగ్గరా అదే అలవాటయింది. ముందు దణ్ణం, అప్పుడు బాజీ చప్పట్లు, ఆ తర్వాతే తిండి. వాన పడి ఆట ఆగిన రోజున బాజీ ఒక్కడే డేరా నిండా జనం ఉన్నట్లు చప్పట్లు కొట్టేవాడు.

ఆ తర్వాత కాలం మారింది. మొదట పులులు వెళ్ళిపోయాయి. ఆపైన ఎలుగుబంట్లు వెళ్ళిపోయాయి. చివరికి సర్కసులో ఏనుగులూ ఉండరాదని సర్కారు కాగితం వచ్చింది.

"అది మంచిదేనా అమ్మమ్మా?"

"సుభద్ర కాలికి గొలుసు ఒరిసిన మచ్చ చూస్తే మంచిదే తల్లీ. బాజీకి మాత్రం గుండె పిండినట్లయింది."

సుభద్రను అడవి అంచున ఉన్న ఏనుగుల ఆశ్రమానికి పంపారు. అక్కడ చూసుకునేది నాగులమ్మ. బాజీ ఆమెకు అన్నీ కాగితం మీద రాయించి ఇచ్చాడు. ఏం తింటుందో, ఏ చెవి దురద పెడుతుందో, ఏ వైపు పడుకుంటుందో. చప్పట్ల మాట మాత్రం రాయించలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊపిరి పీల్చినట్లు చేసిన పని, గుర్తే రాలేదు.

సుభద్ర ఒకరోజు తినలేదు. రెండోరోజు తినలేదు. మూడోరోజూ తినలేదు. ముద్ద ముందు తొండమెత్తి నిలబడేది, కాసేపటికి దించి పక్కకు తిరిగేది.

అప్పుడు నాగులమ్మ ఫోను చేసింది. "బాజీ అన్నా, నీ బిడ్డ నా చేతి కూడు ముట్టడం లేదు. నా వంట అంత పాడుగా ఉందా?"

"వెళ్ళవయ్యా," అన్నారు కనకలింగంగారు. "ఇక్కడ నువ్వూ తినడం లేదుగా. మీలో ఎవరికి ఎవరు మావటో!"

బాజీ వెళ్ళాడు. సుభద్ర తొండమెత్తింది. బాజీ చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి. గుటుక్కున ముద్ద మాయం! బాజీ నేలమీద కూలబడ్డాడు. "అయ్యో, నేను రాయించనిది ఇదొక్కటే!"

"ఇంతేనా! రేపటినుంచి నేనే కొడతాను," అన్నది నాగులమ్మ.

"నువ్వు లేనిరోజున మళ్ళీ పస్తేగా? వద్దమ్మా. దణ్ణం పెట్టి తిన్న రోజులు దానికి చాలు."

మర్నాడు మెల్లగా కొట్టాడు, సుభద్ర తిన్నది. ఆ మర్నాడు వేలితో అరచేతిని తట్టాడు, తిన్నది. మూడోనాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సుభద్ర తొండమెత్తి ఎదురుచూసింది.

"నాగులమ్మా, నా చేతులు గట్టిగా పట్టుకో!"

సుభద్ర చాలాసేపు చూసింది. అప్పుడు తొండం దించి, బాజీ భుజం వాసన చూసి, ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. బాజీ నవ్వుతూనే కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

ఆ తర్వాత సర్కసు మూతపడి, కనకలింగంగారి డేరా పెళ్ళిపందిళ్ళకు అద్దెకు పోయింది. ఆయన ఇప్పటికీ ఆ పెళ్ళిళ్ళకు వెళ్ళి, తాళి కట్టగానే అందరికంటే ముందు చప్పట్లు కొడతారట. నాగులమ్మ ఆశ్రమంలోనే ఉంది. బాజీ దగ్గరి ఊళ్ళో కాపురం పెట్టి, శుక్రవారం శుక్రవారం కంచె అవతల నిలబడి చూసి వస్తాడు. సుభద్ర ఒంటినిండా మట్టి చల్లుకుంటూ తిరుగుతుంది. ఇప్పుడు ఎవరు చప్పట్లు కొట్టినా అటు తిరిగి చూడదు. ఆ మాట చెప్పుకుని బాజీ మురిసిపోతాడు.

ముద్ద తిన్న ఏనుగు మడుగుకి,
డేరా మోసిన లారీ మలుపుకి,
కథేమో కంచి గడపకి,
మనమేమో మన పడకకి!