తొక్కుడుబిళ్ళ తాళం

బొబ్బిలిలో పాట నేర్పే పేరిందేవి గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. మనం వెంట నడవాలి, అంతే.

ఆ రోజు అడిగినవాడు సోమయాజులు. ఆవిడ దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు అక్కడే చిన్నపిల్లలకు పాఠం చెబుతున్నాడు. మంచివాడే గానీ, పట్టుదల మరీ ఎక్కువ.

"అమ్మగారూ, మూడూ నాలుగుగా నడిచే మిశ్రచాపు తాళం ఈ వరహాలుకి ఎంతకీ పట్టుబడటం లేదు. సాయంత్రం ఆట కూడా మాన్పించి సాధన చేయిస్తున్నాను. ఆ వచ్చిందీ పోతోంది. ఇక ఇంటికి పంపేయమంటారా?"

గుమ్మం పక్కనే ఉన్న వరహాలు ఆ మాట విని బావురుమంది. తొమ్మిదేళ్ళ పిల్ల, పాటంటే ప్రాణం. లోపల పాఠంలో ఉన్న మిగతా పిల్లలం లేచి గుమ్మం దగ్గరికి వచ్చేశాం.

పేరిందేవి గారు చెప్పులు వేసుకున్నారు. "ఏడుపు తర్వాత. ముందు పెరట్లో తొక్కుడుబిళ్ళ గియ్యి" అన్నారు పిల్లతో.

వరహాలు కళ్ళు తుడుచుకుంటూ పుల్లతో మట్టిలో గళ్ళు గీసింది. మూడు గళ్ళు, కాస్త ఎడం, మళ్ళీ నాలుగు గళ్ళు. పెంకు విసిరి ఒంటికాలి మీద గెంతింది. ఎన్నాళ్ళయిందో ఆడి, తూలి గీత తొక్కింది. "మళ్ళీ" అన్నారు అమ్మగారు. మళ్ళీ తొక్కింది. "మళ్ళీ." ఎండ నెత్తికెక్కింది. ఆవిడ పెరటి అరుగు మీంచి కదల్లేదు, పిల్లా ఆట మానలేదు. చివరికి కాలు కుదిరింది. అప్పుడు ఆవిడ అరుగు మీద చేత్తో తడుతూ "తకిట తకధిమి" అందుకున్నారు. వరహాలు గెంతుతూనే, ఇన్నాళ్ళూ తనను ఏడిపించిన ఆ మిశ్రచాపు పల్లవి ఎత్తుకుంది. ఆయాసపడుతూనే పాడింది, ఒక్క దెబ్బ తప్పలేదు!

సోమయాజులు వంగి గళ్ళు లెక్కపెట్టాడు. మూడు, నాలుగు.

"చూస్తావేం? నువ్వూ గెంతు" అన్నారావిడ.

పంచె ఎగ్గట్టి దిగాడు పాపం. రెండో గడిలోనే చతికిలబడ్డాడు. వరహాలు పకపకా నవ్వింది. మాకూ నవ్వు ఆగలేదు.

అతను మట్టి దులుపుకుంటూ లేచి, "తెలిసిందమ్మగారూ. రేపట్నుంచి పాఠం అయ్యాక ఓ అరగంట ఆటకు వదులుతాను" అన్నాడు.

పేరిందేవి గారు పెంకు ఏరి వరహాలు చేతిలో పెట్టారు.

"పాఠం అయ్యాకా? వెళ్ళు, శ్రుతిపెట్టె బయటికి పట్రా."