దాహం మీద గంటా పది నిమిషాలు

సుధన్వకు ఒకటే దిగులు. ఈ సాయంత్రంలోపు అందరినీ మెప్పించాలి. మెప్పిస్తే వచ్చే ఏడాది నార్వే వెళ్తాడు. లేకపోతే ఆశ్రమంలోనే వంకాయ మొక్కలకు పాదులు చేసుకుంటూ ఉంటాడు.

సంగతేమిటంటే, నల్లమల అంచున గుట్ట మీదున్న ఆ ఆశ్రమానికి ఐదు దేశాల నుంచి పన్నెండుమంది కుర్రకారు వచ్చారు. పది రోజులుగా ప్రపంచం కష్టాల గురించి చర్చిస్తున్నారు. యుద్ధాలు, ఆకలి, వలసలు, రోజుకొకటి. పాపం ప్రపంచానికి తెలియదు గానీ, ఆ పది రోజుల్లో అది చాలాసార్లు బాగుపడింది. ఇక ఈ రోజు చివర్లో అతిథులంతా శిష్యుల్లో ఒకరి పేరు చీటీ మీద రాస్తారు. నార్వేలో జరిగే సభకు ఆ ఒక్కరే వెళ్ళేది.

ఆశ్రమంలో చర్చకు ఒక పద్ధతి ఉంది. మాట్లాడేవారు నిండు చెంబు పట్టుకుని నిలబడాలి. చుక్క ఒలికిందా, మాట ఆపి కూర్చోవాలి. ఆవేశపడితే చెయ్యి వణుకుతుందని పెద్దల ఉద్దేశం. వినేవారు మధ్యలో లేవకూడదు.

అతిథులెవరూ మూడు నిమిషాలు దాటలేదు. కెన్యా అమ్మాయి నెకేసా మొదటి రోజే పక్కవాడికి స్నానం చేయించింది. సుధన్వ మాత్రం నెల రోజులు సాధన చేశాడు. చెంబుతో నడిచాడు, చెంబుతో మెట్లెక్కాడు. "పోనీ దానికే మూడు ముళ్ళు వేసెయ్యరా" అంది వంట చేసే సూరమ్మ.

చివరి రోజు అంశం దాహం.

సుధన్వ ఇంగ్లీషులో అందుకున్నాడు. ఎండిన నదులన్నాడు, పగిలిన నేలలన్నాడు. గంట గడిచింది. చెంబులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

ముందు వరసలో ఐవిండ్ అనే నార్వే కుర్రవాడు దగ్గుతున్నాడు. పొద్దున ఉప్మాలో ఆవకాయ కలుపుకుని సాహసం చేశాడు. పైగా ఏప్రిల్ ఎండ.

"దయచేసి నిశ్శబ్దం" అన్నాడు సుధన్వ. "ఒక్క గుక్క నీటి కోసం మనిషి..." అంటూ మళ్ళీ సాగిపోయాడు.

అప్పుడే తోటపని ముగించుకుని గురువు వీరయ్య స్వామి మట్టి చేతులతో వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు.

"దేని గురించి నాయనా?"

"దాహం గురించి స్వామీ."

"బాగుంది. ఎంతసేపైంది?"

"గంటా పది నిమిషాలు. ఒక్క చుక్క ఒలకలేదు." వినయంగా అందామనుకున్నాడు గానీ, కుదరలేదు.

స్వామి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. సుధన్వ చేతిలోంచి చెంబు తీసుకుని ఐవిండ్‌కు ఇచ్చాడు. ఆ కుర్రవాడు చెంబు నియమం గుర్తొచ్చి సుధన్వ వైపు బిక్కచూపు చూశాడు. తాగమని స్వామి సైగ చేశాడు. ఎత్తి పోసుకోవడం చేతకాక ఐవిండ్ సగం చొక్కా మీద ఒంపుకుని, మిగతాది గటగటా తాగేశాడు.

"స్వామీ! నా ప్రసంగం ఇంకా ఉంది."

స్వామి ఖాళీ చెంబు అతని చేతిలో పెట్టాడు. "చెప్పు, వింటాను."

సుధన్వ నోరు తెరిచాడు. చెంబులోకి చూశాడు. వెనక వరసలో ఇంకెవరో దగ్గారు.

చెంబు అక్కడే పెట్టి, వంటింట్లోంచి బిందె తీసుకుని గుట్ట కింది వాగుకేసి మెట్లు దిగాడు. తిరిగొచ్చేటప్పుడు బిందె దారంతా ఒలుకుతూనే ఉంది. అతను చూసుకోలేదు.

అతను వరసగా గ్లాసులు నింపుకుంటూ వస్తుంటే, అటునుంచి చీటీలు పంచుతున్నారు.

"నీ పేరే రాయమంటావా?" అంది నెకేసా నవ్వుతూ.

సుధన్వ ఆమె గ్లాసు నింపాడు.

"ముందు తాగు."