విందు మరిగిన చిరుత

వెనకటికి ఏనుగుకొండ కింద ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీరభూపతికి మీసాలెంతో డాబూ అంతే. ఆయనగారి జెండా మీద చిరుతపులి బొమ్మ. ఆయనగారు విందు చేస్తే ఎందరు తిన్నారని అడగకూడదు, ఎంత మిగిలిందని అడగాలి. మిగిలిందంతా కోట వెనక గోడ మీంచి కొండవైపు పారబోసేవారు. ఆ ఎంగిలాకుల గుట్ట ఎంత ఎత్తు లేస్తే రాజుగారి పరువు అంత ఎత్తు. పొరుగు దేశపు దూతలు వస్తే ముందు దాన్నే చూపించేవారు. అదేం పిచ్చో నాకు తెలియదు గానీ వాళ్లకది ఆచారం.

ఆ ఏడు రైతులు సభకు వచ్చి మొరపెట్టుకున్నారు. అడవిపందులు మందలు మందలుగా దిగి జొన్నచేలన్నీ కుళ్లగించేస్తున్నాయట. ఇదివరకు చిరుతల భయానికి కొండ దిగేవి కావు, ఇప్పుడు వాటికి అడ్డూ ఆపూ లేదట. తన చిరుతలు వేట మానేశాయంటే రాజుగారికి తల కొట్టేసినట్టయింది. అడవి కావలివాడు గురవణ్ణి పిలిపించి, నువ్వే వాటిని పాడుచేశావన్నాడు. గురవడు కాళ్ల మీద పడి ఏడ్చినా వినలేదు. పున్నమిలోగా పెళ్లాం బిడ్డలతో రాజ్యం వదిలి పొమ్మన్నాడు. ఆస్థాన పండితుడు నరహరి సోమయాజి లేచి, ఇదంతా శనిదోషమనీ, శాంతికి ఇంకా పెద్ద విందు చేయాలనీ సెలవిచ్చాడు.

రాజుగారిని నవ్వించి బతికే బొల్లనకు మాత్రం ఇంకో సందేహం పట్టుకుంది. వేటాడని చిరుత చిక్కి శల్యమవాలి కదా! చిక్కిందని ఎవరూ అనలేదే, మరి అది ఏం తింటున్నట్టు? ఆ సంగతి తేలేదాకా అతనికి అన్నం సయించలేదు. తెల్లవారగానే గురవణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కాడు. బండల మీద చిరుత పెంట కనిపిస్తే, ముక్కు మూసుకుని పుల్లతో విరిచి చూశాడు. పంది వెంట్రుక ఒక్కటీ లేదు. గుట్ట దగ్గర తిరిగే ఊరకుక్కల బొచ్చు ఉంది, వంటింట్లో నరికిన మేక ఎముకల ముక్కలున్నాయి, విస్తరాకులు కుట్టే ఈనెపుల్లలు కూడా ఉన్నాయి.

తరవాత ఇద్దరూ ఎంగిలాకుల గుట్ట పక్కన పొదలో నక్కారు. బాగా బలిసిన చిరుత ఒకటి పట్టపగలే తాపీగా వచ్చింది. నేతి ఆకులు నాకింది, మిగిలిన మాంసం నమిలింది, అక్కడే కాళ్లు చాపుకుని పడుకుంది. ఎదురుగా ఒక పంది పిల్లలతో నడిచిపోతుంటే కన్ను తెరిచి చూసి, ఆవులించి మళ్లీ మూసుకుంది. పందికీ తొందరేం లేదు. బొల్లనకు నవ్వొచ్చింది గానీ పక్కన గురవడి మొహం చూసి మింగేశాడు. తమ పరువే తమ కొంప ముంచిందని రాజుతో తిన్నగా చెబితే తల దక్కదని అతనికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే కోటకు వెళ్లి, ఏలినవారే స్వయంగా పందుల వేటకు వెళ్లి చిరుతలకు సిగ్గు తెప్పించాలన్నాడు. రాజుగారు పొంగిపోయాడు. వేటకు బలం కావాలి కదా అని బొల్లన దగ్గరుండి వడ్డించాడు. నేతిగారెలు, బొబ్బట్లు, మాంసం పలావు, ఆ మీదట జున్ను. చాలన్నప్పుడల్లా బతిమాలి ఇంకొకటి వేశాడు. మధ్యాహ్నానికి గుర్రాలు సిద్ధమయ్యాయి. రాజుగారు మాత్రం నడికట్టు వదులు చేసుకుని బాలీసుకు చేరగిలబడ్డాడు.

"ఇవాళ వద్దులే బొల్లనా, రేపు చూద్దాం."

"చిత్తం ప్రభూ. మరి కోట కావలివాణ్ణి కూడా పున్నమిలోగా పంపించేయమంటారా?"

"వాణ్ణెందుకు?"

"చిరుత వేట మానితే అడవి కావలివాడి తప్పన్నారు. తమరు వేట మానితే కోట కావలివాడి తప్పే కదా."

రాజుగారికి చిర్రెత్తింది. "వాడేం చేశాడయ్యా? పొద్దుట్నుంచీ నాకు కుక్కి కుక్కి పెట్టింది నువ్వు. తప్పు తినబెట్టినవాడిది."

బొల్లన వెళ్లి వెనక కిటికీ తలుపు తీశాడు. కింద గుట్ట మీద, కాళ్ల మధ్య ఎముక పెట్టుకుని చిరుత గుర్రు పెడుతోంది.

"మరి దానికి తినబెట్టింది ఎవరు ప్రభూ?"

రాజుగారు చిరుతను చూశాడు, బురుజు మీద జెండాను చూశాడు, చివరికి తన బొజ్జను చూసుకున్నాడు. పక్కనే ఉన్న సోమయాజిగారు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ కూచున్నాడు. కాసేపటికి రాజుగారి బొజ్జ కదిలింది, ఆ తరవాత నవ్వు బయటికొచ్చింది. ఆ నవ్వుకు కింద చిరుత కూడా లేచి కూచుందట.

గురవడి శిక్ష అక్కడికక్కడే రద్దయింది. అప్పట్నుంచీ వచ్చేవాళ్లను చూసి వండడం, మిగిలిందేదైనా ఉంటే ఊళ్లో ఆకలిగొన్నవాళ్లకు పెట్టడం, ఎముకలు లోతుగా పాతిపెట్టడం మొదలైంది. చిరుతలు కొన్నాళ్లు గోడ చుట్టూ గుర్రుమంటూ తిరిగి, ఆకలికి తాళలేక కొండెక్కాయి. పందులు చేల వైపు రావడం తగ్గింది.

జొన్నకోతల నాడు రాజుగారు పళ్లెం నిండా నగలు పోయించి బొల్లన ముందు పెట్టించాడు. అతను ఒక్క కడియం తీసుకుని, పళ్లెం వెనక్కి నెట్టాడు.

"ఇది చాలు ప్రభూ. ఇవన్నీ ఇచ్చారంటే నేనూ ఆ గోడ పక్కనే పడుకుంటాను. రేపు తమకు అడ్డం చెప్పడానికి ఎవరు లేస్తారు?"